కర్ర మొహాన పౌడరు

లేదమ్మా, కారు సంగతి తర్వాత. ముందు మన ఊరి ఆర్విన్ షెడ్డులో వల కట్టుకున్నాడు కదా, నేను చెప్తుంటే అక్కణ్ణుంచి రాయి.

ఏటా సరస్సు గడ్డకట్టగానే ఆర్విన్ కారును బయట మంచులో పెట్టేసి, షెడ్డులో పాత చేపల వల వేలాడదీసేవాడు. కింద గడ్డిలాంటి పట్టా, దానిమీద బంతి. గోల్ఫ్ మైదానం మళ్ళీ పచ్చబడేదాకా రోజూ పొద్దున్నే, నోట్లోంచి పొగలొస్తుంటే, గోల్ఫ్ కర్రతో ఆ వలలోకి బంతులు కొట్టేవాడు. మా ఊళ్ళో సగం మంది మగవాళ్ళం చేసేది అదే. కానీ ఆ చలికాలం ఆర్విన్ ఆట కోసం కొట్టలేదు. తనకింకా చూపుందని తనకు తాను రుజువు చేసుకోవడానికి కొట్టాడు.

చుట్టూ బాగానే కనిపిస్తుంది. సరిగ్గా చూడాలనుకున్న చోటే, తడిసిన కాగితం మీద సిరాలా చెదిరిపోతుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే కారు తాళాలు లాక్కుంటారు. కారు లేకపోతే భార్య మార్లిస్‌ను డయాలసిస్‌కు డులూత్ పట్నానికి తీసుకెళ్ళేదెవరు? మా ఊరికి బస్సు రాదు. వాళ్ళకు పిల్లలు లేరు. ఇక ఆమె ఇల్లు వదిలి పట్నంలో వృద్ధాశ్రమంలో పడి ఉండాల్సిందే. "నన్ను మాత్రం అక్కడ వేయకయ్యా" అని ఆమె ఎప్పుడో అంది.

అందుకే బంతి కొట్టి, వల ధబ్‌మనగానే, 'బంతి కనిపించేవాడికి రోడ్డు కనిపించదా' అనుకునేవాడు. బయటైతే బంతి ఎటు పోయిందో తేలిపోయేది. వలకేం, మధ్యలో తగిలినా అంచున తగిలినా అదే చప్పుడు.

ఫిబ్రవరిలో మార్లిస్ తమ్ముడు క్లేటన్ పక్క రాష్ట్రం నుంచి చూడ్డానికి వచ్చాడు. ఇంటి ముందు రోడ్డు పక్కన, ఏదో గుద్దినట్టు ఒరిగిపోయిన ఉత్తరాల డబ్బా చూశాడు. కారు తలుపు మీద గీత చూశాడు. అయినా నవ్వుకుంటూ షెడ్డులోకి వచ్చాడు.

"ఏం బావా, ఈ యేడన్నా నన్ను గెలుస్తావా, ఎప్పట్లా చెట్లల్లో బంతులు ఏరుకుంటావా?"

"నువ్వు ముందు ఆ పొట్ట దాటి బంతిని చూడ్డం నేర్చుకోరా!"

క్లేటన్ కాళ్ళకు కొట్టుకునే తెల్ల పౌడరు డబ్బా తీసి కర్ర చివర, బంతికి తగిలే ఇనుప మొహం మీద చిమ్మాడు. ఇక్కడ అందరం చేసేదే. బంతి తగిలిన చోట పౌడరు లేచిపోయి మచ్చ పడుతుంది.

"ఊఁ, కొట్టు."

కొట్టాడు. వల ధబ్‌మంది. క్లేటన్ కర్ర తీసుకుని దాని మొహం అతని ముందుకు తిప్పాడు.

"ఎక్కడ తగిలింది బావా?"

ఆర్విన్ చూశాడు. చూసిన చోటల్లా కరిగిపోయింది. "ఎక్కడేమిట్రా, నడిమధ్యలో!"

క్లేటన్ తల తిప్పుకున్నాడు. గుమ్మంలో దుప్పటి కప్పుకుని మార్లిస్ నిలబడి ఉంది.

"అక్కా, నువ్వు చెప్పు."

ఆమె కర్రను చూసింది. మొగుణ్ణి చూసింది. "నడిమధ్యలోనే కదరా. నీకు కనిపించట్లేదూ?"

ఆర్విన్ ప్రాణం కుదుటపడింది. ఆ ధీమాతోనే కర్ర మొహాన్ని బొటనవేలితో తడిమాడు. మధ్యలో పౌడరు మెత్తగా, చెక్కుచెదరకుండా ఉంది. వేలు జరుపుకుంటూ పోతే, కర్రకు అతికే మెడ దగ్గర, చిట్టచివర అంచున, పౌడరు లేచిపోయి చల్లటి ఇనుము తగిలింది.

అప్పుడు గుర్తొచ్చాయి, కారులో దారిపొడుగునా ఆమె చెప్పే కబుర్లు. "అదిగో, ఎర్రదీపం పడింది." "అబ్బ, ఆ జింక చూడు, రోడ్డు మీదికే వచ్చేసింది." ముసలితనానికి వాగుడెక్కువైందని విసుక్కునేవాడు.

"నీకెప్పట్నించి తెలుసే?"

"మంచు పడకముందు నించే."

"తెలిసీ నా పక్కన కూర్చున్నావా?"

"నేను కూర్చోకపోతే రోడ్డు ఎవరు చూస్తారయ్యా?"

ఆర్విన్ కోటు జేబులోంచి తాళాలు తీసి క్లేటన్ చేతిలో పెట్టాడు. "ఇవ్వకు" అంది మార్లిస్. మళ్ళీ అంది. క్లేటన్ వాటిని జేబులో వేసుకునేసరికి లోపలికెళ్ళి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

సరస్సు కరగకముందే ఆమె ఆ ఆశ్రమంలో పోయింది. ఇప్పుడు ఆర్విన్ కూడా అక్కడే ఉన్నాడు. తాళాలు ఇవ్వకపోయుంటే ఇంకో వేసవి బతికేదని గోడకు చెప్పుకుంటాడట.

ఆదివారం నువ్వు అటు వెళ్తావు కదమ్మా, ఇది అతనికి చదివి వినిపించు. కుడి పక్కన కూర్చో, ఎడమ చెవి పనిచేయదు. మార్లిస్ మాటల దగ్గర మాత్రం తొందరపడకు.