పుర్రచెయ్యి వయొలిన్లు

ఆమె తన కొట్టు బోర్డు మీద ‘పుర్రచెయ్యి వయొలిన్లు’ అని రాయించుకుంది. ఆ పేరు పెట్టింది ఎవరనుకున్నారు? స్వయానా మేనమామే! చిన్నప్పుడు ఆయన సంగీతం బడి వేదిక మీద, నిండు సభలో, ఆమెను చెయ్యి పట్టుకుని లేపేశాడు.

"దిగవే పుర్రచెయ్యీ! అందరి కమానులూ ఒకవైపు ఊగుతుంటే నీదొక్కటే ఎదురు పొడుచుకొస్తోంది. చూపుకి బాగోదు."

మర్నాడే ఎడమచేతి కమాను వేదికెక్కకూడదని గోడకి పలక కొట్టించాడు. మరిచిపోతుందా మరి? పాములా పగబట్టింది. వయొలిన్లు చేయడం నేర్చుకుని, ఎడమచేతివాటం వాళ్ళకే చేసిపెడుతూ కాచుక్కూచుంది.

ఇదిగో, ఇవాళ ఆ మావయ్యే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మా, కులాసానా? మంచి చెక్క దొరుకుతోందా?"

"చల్లకొచ్చి ముంత దాచడమెందుకు మావయ్యా? ఆ చెయ్యి చూపించండి."

కారు తలుపులో నలిగిన ఎడమచేతి వేళ్ళు రెండు బిగుసుకుపోయాయి. ఇక తీగలు కుడిచేత్తో నొక్కాలి, కమాను ఎడమచేత్తో లాగాలి.

"తంటాలు పడి ఎదురు పట్టు నేర్చుకున్నా. తగిన వయొలినే లేదు. వార్షికోత్సవంలో వాయించకపోతే బతికీ చచ్చినట్టేనే అమ్మాయ్!"

ఆమె మనసు ఎగిరి గంతేసింది. అవును, సంతోషమే! దాచుకోవడం దేనికి?

మామూలు వయొలిన్‌కి తీగలు అటువి ఇటు మార్చి ఇచ్చేస్తే పైకి తేడా కనిపించదు. లోపల లావు తీగ కింద అంటించిన బద్దనీ, సన్న తీగ కింద నిలబెట్టిన చిన్న కర్రనీ కూడా మార్చకపోతే గొంతు పూడుకుపోయినట్టు పలుకుతుంది. అలా చేద్దామని చేతులు దురదపెట్టాయి. కానీ అప్పుడాయన తప్పంతా వయొలిన్ మీదికి నెట్టేస్తాడు. ఆ సాకు కూడా ఆయనకి దక్కనివ్వకూడదనుకుంది.

అందుకే ప్రాణం పెట్టి, మొదటి నుంచీ ఎడమచేతికే చేసింది. కొట్లోనే వాయించి చూసి ముసలాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఇలాంటిది నా జన్మలో పట్టలేదే!"

"మరి గోడ మీద పలక సంగతో?"

"నా బడి, నా పలక! నాకు చెప్పేదెవడు?"

"అంతేలెండి, మీకెవరు చెబుతారు!" అంది నవ్వు బిగబట్టుకుని.

వార్షికోత్సవం రోజు ముందు వరసలో కూర్చుంది. ఇప్పుడు బడి నడిపేది ఆయన కొడుకు. ఆమెకి బావ. తండ్రి పెంపకంలో తండ్రిని మించినవాడు. ముసలాయన వేదికెక్కి కమాను ఎడమచేత్తో పట్టుకోగానే బావ మైకు ముందే ఆపేశాడు.

"దిగండి నాన్నా. మీకోసం నియమం తప్పితే రేపు అందరూ అడుగుతారు. చూపుకి బాగోదని మీరేగా అనేవారు!"

సభంతా గుసగుసలు. మెట్లు దిగుతూ ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆమె కడుపు చల్లబడింది.

మర్నాడు పొద్దున్నే పెట్టె పట్టుకుని వచ్చాడు.

"ఇంత బతుకూ బతికి ఇంటి వెనకాల చచ్చినట్టయింది. నాకొద్దు, తీసేసుకో."

"నేను చేసినదాంట్లో లోపముందా?"

"లేదు. అదేగా నా ఏడుపు!"

"అయితే వెనక్కి తీసుకోను. ఇంటికెళ్ళి తలుపులేసుకుని వాయించుకోండి మావయ్యా. నేను అలాగే వాయించుకున్నాను, ఇన్నేళ్ళూ."