లింబయ్య అడుగు ఆరితే

వర్ని ఊరి నీటి సంఘం ఆఫీసులో పొద్దున్నే జరిగే మొదటి పని గోనెసంచి పరవడం. లింబయ్య వచ్చేలోపు బల్ల కింద సంచి పడకపోతే గదంతా చిత్తడి. నలభై ఏళ్ళు కాలువ మీద లస్కరుగా తూముల తలుపులు ఎత్తీ దించీ రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలింది గానీ నీళ్ళు ఆయన పాదాలను వదల్లేదు. మే నెల ఎండలో తారు రోడ్డు మీద నడిచినా తడి అడుగులే పడతాయి. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు, పనికి మాత్రం వాడుకుంటారు. కొత్త తూము తలుపు వచ్చినా, మోటారు వచ్చినా దాని పక్క నుంచి ఆయన్ని నడిపిస్తారు. చాయ్ తాగడం అయ్యేదాకా అడుగు ఆరకపోతే ఆ వస్తువు నిలుస్తుంది. ఆరిందా, వచ్చిన బండిలోనే వెనక్కి పంపేస్తారు.

ఆ సంఘం సర్వర్‌కు దిక్కు వర్ష. రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో వస్తుంది. ఎవరి పొలానికి ఏ రోజు, ఏ గంటకు నీళ్ళో తొమ్మిది వందల మంది రైతుల ఫోన్లకు కబురు పంపేది ఆ సర్వరే. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మాత్రం కాలం తీరింది. తయారుచేసినవాళ్ళు ఇక మరమ్మతులు పంపబోమని ఎప్పుడో చెప్పేశారు. నడుస్తోంది కదా అని వీళ్ళు నెట్టుకొచ్చారు. కిందటి నెల ఎవడో బయటివాడు ఇంటర్నెట్ గుండా దాని లోపలికి దూరి వంతుల జాబితాను కలగాపులగం చేశాడు. కాలువ చివర ఉన్న లక్ష్మీరాజం వంతు ఎగిరిపోయి, రెండెకరాల వరి మడి నెర్రెలు బారింది. ఆయన ఆఫీసుకు వచ్చాడు. పొలం నుంచి తెచ్చిన మట్టిపెళ్ళ ఒకటి వర్ష టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

శుక్రవారం మళ్ళీ నీళ్ళు వదులుతున్నారు. వరి పొట్ట మీద ఉంది. ఈసారి వంతు తప్పితే గింజ పట్టదు, ఊరంతా తాలే. గురువారానికల్లా కొత్త సిస్టమ్ ఏదో తేల్చాలి. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రత్తయ్య సంఘానికి అధ్యక్షుడు. "నువ్వు ఏదంటే అదేనమ్మా. రేపు చెడితే మాత్రం నిన్నే అడుగుతాం" అని భారమంతా ఆమె నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నాడు.

వర్ష మూడు పాత కంప్యూటర్లు వరసగా పెట్టి మూడింట్లో మూడు రకాల సిస్టమ్‌లు ఎక్కించింది. ఒకదాంట్లో అందరికీ అలవాటైన విండోస్. రెండోదాంట్లో సరికొత్త ఉబుంటు, హంగులన్నీ ఉన్నాయి గానీ తొమ్మిది నెలలకే మళ్ళీ మార్చుకోవాలి. మూడోది డెబియన్, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప సోకులేమీ లేవు. మూడూ చక్కగా నడిచాయి, అదే వచ్చిన చిక్కు. ఒకటైనా మొరాయిస్తే బాగుండునని ఆమె నిజంగానే కోరుకుంది. పైగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఉద్యోగమిచ్చింది, ఒకటో తారీఖున చేరాలి. ఒప్పుకున్నట్టు ఇంకా రాయలేదు. మనసు మాత్రం ఎప్పుడో బస్సెక్కింది.

గురువారం మధ్యాహ్నం రత్తయ్య లింబయ్యను పిలిపించాడు. ఆయన మొదటి కంప్యూటర్ పక్కన అడుగు వేశాడు. రెప్పపాటులో ఆరిపోయింది. రెండోదాని దగ్గరా అంతే, మూడోదాని దగ్గరా అంతే.

మూడూ పనికిరానివేనా అని రత్తయ్య అడిగితే లింబయ్య తల అడ్డంగా ఊపాడు.

"పెట్టెలల్ల తప్పు లేదు. తూము ఎంత గట్టిగున్నా, తలుపు తిప్పెటోడు లేకుంటే నా అడుగు గిట్లనే ఆరుతది" అని వర్ష వైపు తిరిగాడు. "నువ్వేమన్న పోతున్నవా బిడ్డా?"

"లేదు తాతా, ఈడనే ఉంట" అంది వర్ష.

ఆయన మళ్ళీ నడిచాడు. ఈసారి పాదం నేలకు ఆనీ ఆనకముందే తడి ఇగిరిపోయింది. వర్ష సిగ్గుతో చచ్చిపోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉన్న సంగతంతా చెప్పేసింది. రత్తయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

వంతుల జాబితాను పద్దెనిమిదేళ్ళుగా టైపు చేస్తున్న గంగుబాయి అంతసేపూ తన కుర్చీలోనే ఉంది. ఇప్పుడు లేచి వచ్చింది.

"పోవాలె బిడ్డా, ఎందుకు పోవద్దు? నాకు ఒక్కటి చెప్పు. గీ మూడిట్ల ఏది మారకుంట ఉంటది? రోజుకో తీరు మారితే నాతోని కాదు."

"డెబియన్. ఒక్కసారి పెడితే ఐదేండ్లు గట్లనే ఉంటది. కానీ అక్కా, దాంట్ల మౌస్ ఉండదు. అంత టైపు చేసుడే."

"పద్దెనిమిదేండ్ల సంది నేను చేస్తున్నదేంది మరి?"

వర్ష ఇన్నాళ్ళూ ఏది మంచిదని వెతికింది గానీ ఎవరి చేతికి మంచిదని ఒక్కసారీ అడగలేదు. డెబియన్ ముందున్న కుర్చీ ఖాళీ చేసి గంగుబాయిని కూర్చోబెట్టింది. గంగుబాయి ఒక్కో అక్షరమే కొట్టింది, నాలుగుసార్లు తప్పింది. వర్ష చెయ్యి దానంతటదే కీబోర్డు మీదికి పోతే గంగుబాయి దాన్ని మెల్లగా పక్కకు నెట్టింది. రెండు గంటల తర్వాత జాబితా తప్పు లేకుండా తెర మీదికి వచ్చింది.

లింబయ్య గంగుబాయి కుర్చీ వెనక నుంచి నడిచాడు. చాయ్ వచ్చింది. అందరూ నేల వైపే చూస్తూ తాగారు, ఎవరికీ రుచి తెలియలేదు. గ్లాసులు ఖాళీ అయ్యాయి. రత్తయ్య వంగి వేలితో తాకి చూశాడు. తడి అలాగే ఉంది.

శుక్రవారం పొద్దున తూము లేచింది. గంగుబాయి వేలు నొక్కగానే తొమ్మిది వందల ఫోన్లకు కబురు పోయింది. మొదటి వంతు లక్ష్మీరాజానిదే. వర్షకు సంతోషమే, దాని కింద ఎక్కడో చిన్నగా ముల్లు గుచ్చుకున్నట్టూ ఉంది. తను ముట్టుకోకుండానే నీళ్ళు పోతున్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఫోన్ తీసి, ఒకటో తారీఖున వస్తున్నానని కంపెనీకి రాసింది.