విడదీసిన పూట

మోషేకు పాములంటే భయం లేదు, పోలీసులంటే భయం లేదు. ఆయన భయమంతా ఒక్కదానికే: జతకట్టిన పట్టుపురుగులను విడదీయడం. ఏటా మృగశిర కార్తెలో ఆ పూట రాగానే, చేవెళ్లలో పనుందని షేర్ ఆటో ఎక్కేసేవాడు. భార్య విజయరాణి నవ్వేది. "పో పో. పురుగుల మీదికొచ్చే కాకులను కొట్టనీకె మొగోనివి, గీ పనికి కాదు," అనేది.

ఆవిడది చెన్నూరు వైపు. అడవిలో మద్దిచెట్ల మీద దసలి పట్టు పెంచే ఇంటి పిల్ల. పెళ్లయి చేవెళ్ల దగ్గరి ఈ హిమాయత్‌నగర్ పల్లెకు వచ్చాక, వాగొడ్డున మూడు మద్దిచెట్లు కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. పుట్టింటి నుంచి గుడ్లు తెచ్చి వాటి మీద పెంచింది. పుట్టింట్లో ఆ పని మానేసి ఏళ్లయినా తను మానలేదు. చలికాలంలో మంచి పట్టుకాయలు ఏరి, తొడిమెలకు దారం కట్టి, దండలా దూలానికి వేలాడదీసేది. లోపల నిద్రపోయే పురుగు తొలకరికి రెక్కలతో బయటికొస్తుంది.

నిరుడు దండ కట్టిన పది రోజులకే ఆవిడ దవాఖానలో కన్నుమూసింది. దండ అలాగే ఉండిపోయింది. ఇంట్లో పలకరించే దిక్కు లేక మోషే రోజూ ఆ దండకే అన్నీ చెప్పుకున్నాడు. పప్పు మాడిందని కూడా చెప్పాడు.

తొలకరి పడింది. దండలో కాయలన్నీ ఎండిపోయాయి, రెండు తప్ప. పొద్దున లేచేసరికి పసుపురంగు ఆడది, ఎర్రమట్టి రంగు మగది దండ మీదే జతకట్టి ఉన్నాయి.

పక్కింటి సంగమ్మ వచ్చి చూసింది. "పొద్దు వాలంగనె విడదియ్యాలె అన్న. లేకుంటె గుడ్లు సక్కగ పెట్టదని వదిన చెప్తుండె."

"నువ్వే తియ్యి జర."

"నాకు రాదు. రెక్క ఇరిగితే ఆ పాపం నాకెందుకు?"

ఇవి కూడా చెడితే రాణి పెంచిన పురుగుల వంశం ఇంతటితో సరి. రోడ్డు మీద ఆటో హారన్ మోగింది. మోషే చెప్పులేసుకుని గడప దాకా వెళ్లాడు కూడా. ఏమనుకున్నాడో, చెప్పులు విడిచి వెనక్కి వచ్చాడు.

రాణి ఎలా చేసేదో ఒక్కసారైనా చూసి ఉంటే బాగుండేది. ఏటా పారిపోయిన తన కాళ్లను తనే విరగ్గొట్టుకోవాలనిపించింది. పొద్దు వాలాక, ప్రభువును తలచుకుని, ఒక చేత్తో ఆడదాని రెక్కల మొదలు, ఇంకో చేత్తో మగదాన్ని పట్టుకుని మెల్లగా తిప్పాడు. విడిపోయాయి. ఆడదాన్ని వెదురుబుట్టలో పెట్టి మూతేశాడు.

సంగమ్మ చెయ్యి చాపింది. "మగదాన్ని ఇటియ్యి, కోళ్లకేస్త. దాని పని ఒడిసింది. వదిన గూడ గట్లనె ఏస్తుండె."

మోషే ఇవ్వలేదు. "ఉండనియ్యి. దానికి తిననీకె నోరే లేదు. ఎవరికి బరువు?"

దాన్ని తీసుకెళ్లి మళ్లీ దండ మీదే ఉంచాడు.

తెల్లారి బుట్ట మూత తీస్తే అడుగంతా గుడ్లు. "రాణీ, పెట్టిందే!" అని వంటింటి వైపు కేకేశాడు. కేకేశాక గుర్తొచ్చింది. ఆరు నెలలుగా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. చాలాసేపు ఏడ్చాడు.

తర్వాత బుట్ట పట్టుకుని దండ దగ్గరికి వెళ్లాడు. మగది ఇంకా బతికే ఉంది.

"పెట్టింది బిడ్డా," అని దానికి చెప్పాడు. "నిండ పెట్టింది."