ఓనరు మీదికి లేవని చెయ్యి

రాయదుర్గంలోని ఆ జీన్స్ యూనిట్లో కుట్టుమిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. టైలర్ నాగేశ్వర విసిరిన కత్తెర ఇస్త్రీ చేసే తౌఫిక్ ముంజేతిని చీల్చింది. తౌఫిక్ అన్నది పెద్ద మాటేం కాదు. "ఏమప్పా, పొద్దున్నుంచి మొగం మాడ్చుకోనుండావు" అన్నాడు, అంతే.

లైన్ సూపర్‌వైజర్ షీరీన్ తన దుపట్టాతోనే గాయానికి కట్టు కట్టి అతన్ని ఆసుపత్రికి పంపింది. కుట్లు పడ్డాయి, ప్రమాదం లేదని ఫోనొచ్చాక ఓనరు శ్రీరంగప్ప గదిలోకి వెళ్ళింది.

"వాన్ని పంపించేయమ్మా," అన్నాడు శ్రీరంగప్ప. "వాళ్ళ నాయన ఊర్లో గొడవల్లో మనిషిని నరికి జైలుకు పోయినోడు. ఆ రక్తం యాడికి పోతాది?"

ఆయన కూర్చోమనకుండానే షీరీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. దూరవిద్యలో ఆమె సైకాలజీ ఎమ్మే చదువుతోంది. ఆ పుస్తకాల్లోని మనుషులంతా తనకు ఈ మిషన్ల మధ్యే కనిపిస్తారు.

"పొద్దున జిప్పు వంకరగా పడిందని నువ్వు ఆ ప్యాంటు వాని మొగాన కొట్టినావన్నా. అందరి ముందర వాళ్ళ నాయన పేరెత్తి తిట్టినావు. వాడు తల వంచుకోని నిలబడినాడు. కత్తెర అప్పుడు గూడా వాని చేతిలోనే ఉండె."

"అయితే?"

"రక్తమే అయితే ఆ చెయ్యి అప్పుడే లేచుండాల గదా. నీ మీదికి లేవలా. పని పోతాదని వానికి తెలుసు. ఆ మంటంతా లోపలే పెట్టుకోని, తిరిగి ఏమీ చేయలేని తౌఫిక్ దొరికితే వాని మీద తీసినాడు."

శ్రీరంగప్ప ముఖం జేవురించింది. "అంటే తప్పు నాదంటావా?"

"కత్తెర విసిరిన తప్పు వానిదే. మంట పెట్టింది మాత్రం నువ్వు. వాన్ని పంపిస్తే, రేపు నీ తిట్లు తిన్న ఇంకొకడు ఇంటికి పోయి పెండ్లాన్ని కొడతాడు. అది నీకు కనపడదు, అంతే."

ఈ మాటతో తన పనీ పోవచ్చు. అది తెలిసే అంది. శ్రీరంగప్ప ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"నువ్వే చూసుకో. మళ్ళా జరిగితే వాడూ నువ్వూ ఇద్దరూ పోతారు."

"సరే అన్నా. తిట్టాలంటే ఈ గదిలోకి పిలిచి తిట్టు."

ఆయన లెక్కల పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

నాగేశ్వర దారాల గదిలో మూల కూర్చుని ఉన్నాడు. "మా నాయన రక్తమే అక్కా. చిన్నప్పటి నుంచి అందరూ అనేదే," అన్నాడు. తన చేతులను చూసి తనే భయపడుతున్నాడు.

"పొద్దున ఓనరు మీద ఎందుకు విసరలేదు?"

అతను బిత్తరపోయాడు. "పని పోతాది గదక్కా!"

"చూసినావా? అంత కోపంలో గూడా ఆలోచన చేసినావు, ఆపుకున్నావు. ఆయన ముందర ఆపుకున్నోడివి తౌఫిక్ ముందర ఎందుకు ఆపుకోలేవు? రక్తం మీదికి నెట్టి తప్పించుకోవద్దు. అది నీ చెయ్యి."

నాగేశ్వర ఏడ్చాడు. సాయంత్రం షీరీన్ తోడు రాగా తౌఫిక్ ఇంటికి వెళ్ళాడు. తౌఫిక్ తల్లి మాబీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపల్నుంచి కొడుకు పిలిచాకే దారి ఇచ్చింది.

"తప్పు చేసినానప్పా," అన్నాడు నాగేశ్వర.

"ఆయన తిట్టినప్పుడు మేమెవరమూ నోరు తెరవలా. అది మా తప్పు," అన్నాడు తౌఫిక్. "కానీ ఇంకోసారి చెయ్యెత్తితే నేనూరుకోను."

తౌఫిక్ కుట్లు విప్పించుకుని పనిలోకి వచ్చిన వారంలోనే నాగేశ్వర మళ్ళీ ఒక కట్ట ప్యాంట్లు తప్పుగా కుట్టాడు. శ్రీరంగప్ప గొంతు హాలంతా మోగబోయింది. ఎదురుగా కదలకుండా నిలబడిన షీరీన్ కనిపించింది.

"నాగేశ్వరా, లోపలికి రా," అన్నాడు.

లోపల బాగానే తిట్టాడు. నాగేశ్వర చెవులు ఎర్రబడి బయటికి వచ్చాడు. నేరుగా తౌఫిక్ దగ్గరికి వెళ్ళి, "కొంచెంసేపు నన్ను కదిలించొద్దప్పా, కోపంగా ఉండాది," అన్నాడు.

"సరేప్పా," అన్నాడు తౌఫిక్.

నాగేశ్వర ముఖం కడుక్కోవడానికి బయట ఉన్న కుళాయి దగ్గరికి నడిచాడు. షీరీన్ తలుపు వైపు చూడనైనా చూడలేదు. అతను తిరిగి వచ్చి కూర్చుంటాడని ఆమెకు తెలుసు.