ఐదో పేరా

"కూసుండి టైపు కొట్టుడే గద, దానికి గూడ నడుం నొస్తదా?" అన్నాడు మా ఆయన సదానందం, నేను గిన్నెలు తోముతూ నడుం పట్టుకుంటే. పదకొండేళ్ళుగా అంటున్నాడు కాబట్టి నేను వెనక్కి తిరిగి కూడా చూడలేదు. అత్తమ్మకు వేడినీళ్ళు, బిడ్డకు జడ, ఆయనకు టిఫిన్, నాకు నిలబడి తాగే సగం గ్లాసు చాయ. తర్వాత హనుమకొండ బస్సు. నేనొక సర్కారు ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఏ ఆఫీసో చెప్పను. ఉత్తర్వులు టైపు చేయడం నా పని. సాయంత్రం ఆరు దాటాక చేసింది ఎవరూ పని అనుకోరు, ఇంట్లో చేసింది అనుకోనట్టే.

హెప్సిబా ఉత్తర్వు కూడా నేనే టైపు చేశాను. తొర్రూరు పిల్ల. కువైట్ దవాఖానాలో ఆరేళ్ళు నర్సుగా చేసి వచ్చింది. అక్కడ ఒకే గదిలో ఆమెతో ఉన్న అమ్మాయిది ఇప్పుడు మనతో యుద్ధం చేస్తున్న దేశం. బాంబులు పడుతున్నాయని వార్తల్లో చూసి, "నువ్వు క్షేమమేనా? మీ అమ్మ ఎట్లుంది?" అని మెసేజ్ పెట్టింది. శత్రువుతో సంబంధమని పట్టుకున్నారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఓటేసే పిల్ల. నేరం మోపలేదు, కోర్టులో నిలబెట్టలేదు. ముందస్తు నిర్బంధం అన్నారు. ఎందుకు పట్టుకున్నారో కాగితం మీద రాసివ్వాలి, దానికి ఆమె జవాబు చెప్పుకోవాలి, వకీలు లేకుండా ఒక బోర్డు ముందు నిలబడాలి. ఆమెకు మిగిలిన హక్కంతా ఆ కాగితంలోనే ఉంది.

మా దగ్గర ఏ ఉత్తర్వూ కొత్తగా రాయరు. పాత ఫైలు తెరిచి, పేరు, ఊరు, వయసు మార్చి, కారణాల దగ్గర కొత్తవి కొట్టి, ప్రింటు తీస్తాం. ఆ రోజు ఏడైంది. "అమ్మ ఇంక అన్నం తినలే, ఎప్పుడొస్తవ్?" అని మా ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు. ఆ హడావుడిలో ఐదో పేరా మార్చడం మరిచిపోయాను. ఆ ఫైలు అంతకుముందు నర్సంపేట దగ్గరి కట్టయ్యది, గుడుంబా కేసు, అంటే నాటుసారా. అలా హెప్సిబా ఊరవతల గుడుంబా కాస్తుందనీ, ఆపడానికి పోయినవాళ్ళను కర్రతో కొడుతుందనీ ఆ ఉత్తర్వులో ఉండిపోయింది. నలుగురు సంతకాలు పెట్టారు. ఒక్కరూ చదవలేదు. నేనూ చదవలేదు.

నిన్న బోర్డుకు పంపే కాపీలు తీస్తుంటే కనబడింది. మొదట నవ్వొచ్చింది. పేజీ అడుగున "అందింది" అని హెప్సిబా సంతకం, తారీఖు చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. నర్సు, ఇంగ్లీషు వచ్చిన పిల్ల, చదివే ఉంటుంది. చదివి ఎవరికి చెప్పుకుంటుంది?

సూపరింటెండెంట్ ఓంప్రకాశ్ సార్‌కు చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆ పేరా తీసేసి పాత తారీఖుతోనే ఇంకో పేజీ కొట్టియ్యి. జైల్ల ఆమె దగ్గరున్నది గూడ తీస్కొని దీనిమీద సంతకం పెట్టిస్త."

"సార్, కారణం ఒక్కటి తప్పున్నా ఉత్తర్వు చెల్లదంటరు. బోర్డోళ్ళు ఇది చూస్తే ఆమెను ఇడిచిపెడ్తరేమో సార్."

"అందుకే మార్చమంటున్న. ఇడిచిపెట్టినా మళ్ళ కొత్తది రాస్తం. నీకేం ఫికర్? నువ్వు కొట్టుడే గద."

కొట్టాను. ఐదు నిమిషాల పని. పాత పేజీ చింపెయ్యమన్నాడు. చింపలేదు, టిఫిన్ సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా ఆయన టీవీలో యుద్ధం మీంచి కళ్ళు తిప్పకుండా, "తప్పు చెయ్యంది ఊకెనే పట్టుకపోతరా?" అన్నాడు. అత్తమ్మ తలూపింది. ఆడబిడ్డ దీప పెళ్ళిలో అత్తమ్మ ఉంగరం కనబడకపోతే, "నువ్వు తియ్యంది ఎట్ల పోతది?" అన్నది ఈ మనుషులే. నా పెట్టె తెరిచారు, మా పుట్టింటివాళ్ళ సంచులు వెతికారు. తీశావా అని మాత్రం నన్ను ఒక్కరూ అడగలేదు. రెండేళ్ళకు బియ్యం డబ్బాలో దొరికింది. అత్తమ్మ దాన్ని కొంగుతో తుడిచి వేలికి పెట్టుకుని, చాయ పెట్టమంది. పెట్టాను. ఆ చాయ పెట్టినందుకు నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం.

ఈ పొద్దున హెప్సిబా తల్లి కృపమ్మ ఎప్పటిలాగే మా ఆఫీసు మెట్ల పక్కన కూర్చుని ఉంది. తొర్రూరు నుంచి మొదటి బస్సుకు వస్తుంది, బైబిలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని. కాగితమివ్వండని అడుగుతుంది, రేపు రమ్మంటారు. ఇరవై రెండు రోజులుగా నేను ఆమెను దాటుకుంటూ లోపలికి పోతున్నాను. ఇవాళ పక్కన కూర్చున్నాను. పేజీ బయటికి పోయిందంటే, ముట్టుకున్నది నేనొక్కదాన్నేనని సార్‌కు తెలుసు. మాలాంటివాళ్ళకు మెమో ఇవ్వరు, సంజాయిషీ అడగరు. రేపటి నుంచి రావద్దంటారు. ఇంట్లో అయితే అంతకంటే తక్కువ మాటల్లో తేలుస్తారు.

సంచిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను. "వకీలుకు చూపియ్యమ్మా. ఐదో పేరా చదువుమను. హైకోర్టుకు పొమ్మను."

"నా బిడ్డను ఇడిపిస్తదా ఇది?"

"ఇడిపియ్యచ్చు. మళ్ళ ఇంకో కాయితం రాసి పట్టుకపోవచ్చు గూడ."

ఆమెకు ఇంగ్లీషు రాదు. బిడ్డ సంతకాన్ని మాత్రం గుర్తుపట్టి వేలితో తడిమింది. ఏం రాసిందో నేను తెలుగులో చెప్పాను.

"గుడుంబానా? గింత తప్పు ఎవలు చేసిండ్రు తల్లీ?"

"నేనే," అన్నాను.

పదకొండేళ్ళలో ఆ ఆఫీసులో నేను చేసినవాటిలో ఒక మనిషికి పనికొచ్చేది ఆ తప్పొక్కటే.