రోసౌరా ఆపిన నీళ్ళు

మూడో ఏడూ వానలు మొహం చాటేశాయి. పశ్చిమ టెక్సాస్‌లో మా ఊరికి నీళ్ళిచ్చే చెరువు నెర్రెలు విచ్చింది. మురుగునీటినే శుద్ధి చేసి కుళాయిలకు పంపడం తప్ప దారి లేదని నగరపాలక సంఘం తేల్చి, ఆ పని రోసౌరాకు అప్పగించింది.

రోసౌరా ఇరవై రెండేళ్ళుగా మురుగు శుద్ధి కేంద్రంలో ఆపరేటరు. నేను ఆమె కింద పనిచేసేవాణ్ణి. అంతవరకూ మేం శుద్ధి చేసిన నీళ్ళు విద్యుత్ కేంద్రంలో యంత్రాలు చల్లబరచడానికి వెళ్ళేవి. అప్పుడెవరూ నోరెత్తలేదు. తాగాలనేసరికి ఊరంతా ముక్కు మూసుకుంది. అందరికంటే గట్టిగా అడ్డం తిరిగింది రోసౌరా తండ్రి యుసేబియో, పత్తి మిల్లులో పనిచేసి రిటైరైన ముసలాయన. ఊరి సభలో లేచి, "నా కూతురంటే నాకు నమ్మకమే. ఆ నీళ్ళంటేనే లేదు. నేను తాగను" అనేసి కూర్చున్నాడు. జనం నవ్వారు. ఎవరైనా ఎప్పుడైనా కేంద్రానికి వచ్చి చూసుకోవచ్చని మాత్రం చెప్పింది రోసౌరా.

ప్రారంభం రోజు మేయరు, బ్యాండు, బడిపిల్లలు అంతా వచ్చారు. తీరా చూస్తే, నీటిని వడకట్టే పొరల దగ్గర నీటిలో మలినం కొలిచే ఒక మీటరు రోజూకంటే వెంట్రుకవాసి ఎక్కువ చూపిస్తోంది.

"హద్దు దాటలేదుగా, జనం ఎండలో ఉన్నారు, వదిలెయ్యమ్మా" అన్నాడు మేయరు.

"దాటలేదు సార్. కానీ నిన్న ఇలా లేదు. ఎందుకు మారిందో తెలియకుండా వదలను."

ఆమే మైకు అందుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. జనం గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. మేం గొట్టాలన్నీ ఒక్కొక్కటే విప్పాం. మర్నాడు మధ్యాహ్నానికి దొరికింది: చిట్లిన రబ్బరు రింగు, చిటికెనవేలంత. ఆ చీలికలోంచే వడకట్టని నీళ్ళు చుక్కచుక్కగా కలుస్తున్నాయి. దాన్ని మార్చి, మరో రెండు రోజులు పరీక్షలు చేశాం.

నాలుగో రోజు బ్యాండు లేదు. జనం మాత్రం మొదటి రోజుకు రెట్టింపు వచ్చారు. ముందు వరసలో నిలబడ్డ యుసేబియో గ్లాసు నిండా పోయించుకుని, ఆగకుండా తాగేశాడు.

"ఆ రోజు నువ్వు వదిలేసి ఉంటే జన్మలో ముట్టేవాణ్ణి కాదు తల్లీ. ఇంకో గ్లాసు పొయ్యి" అన్నాడు.

రోసౌరా గ్లాసు అందుకుని మళ్ళీ నిండా పోసింది.

మరుసటేడు వానలు పడి చెరువు నిండింది. ఈ నీళ్ళు ఇక ఆపేద్దామా అని సభలో అడిగితే, ఆపమన్నవాడు ఒక్కడూ లేవలేదు.