జబ్బు చేప బేరం

మా మనవరాలు హాసిని బాపట్లలో చేపల చదువు చదువుతోంది. సముద్రపు చేప కడుపులో జన, అంటే గుడ్ల సంచి, గడ్డలు కట్టి చీము పట్టినప్పుడు అందులో ఏ బ్యాక్టీరియా చేరిందో కనిపెట్టాలట. ఎన్ని చేపలు కోసినా జన శుభ్రంగానే ఉంటోందని పిల్ల దిగులు పడింది. ఈ వారంలో ఒక్కటైనా దొరక్కపోతే చదువు ఆగిపోతుందంది.

నేను తెనాలిలో బస్సెక్కి రేపల్లె చేపల మార్కెట్టుకి పోయాను. చేపలమ్మే కోటమ్మ గంప ముందు కూర్చుని, "జనకి జబ్బు చేసిన వంజరం ఉందా అమ్మా?" అని అడిగాను.

"ఏంటి తాతయ్యా, బోణీ వేళ ఆ మాటలు? నా చేపలకి జబ్బేంటి? అలాంటివి కావాలంటే తులసిని అడుగు. దానివన్నీ అవే."

పక్క గంప తులసికి ఆ మాట వినపడింది. కత్తిపీట లాక్కుని తన చేప పొట్ట కోసి చూపించింది. జన నిగనిగలాడుతోంది. కోటమ్మ ఊరుకుంటుందా? తనూ ఒకటి కోసింది. లోపల జన నిండా పచ్చటి గడ్డలు, చీము. చప్పున దానిమీద గోనె కప్పేసింది.

"కప్పకమ్మా, నాకు కావాల్సింది అదే. దానికోసం మా పిల్ల అన్నం కూడా సరిగ్గా తినట్లేదు," అని, అడిగినంతా ఇచ్చి ఐసు డబ్బాలో పెట్టుకున్నాను.

కోటమ్మ తులసి వైపు తిరిగింది. "మంచి జన ఎవరైనా అమ్ముతారే," అంది.

తులసి మొహం ముడుచుకుంది. నేను బాపట్ల బస్సు కోసం లేస్తుంటే వెనకే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"రేపు కూడా రా తాతయ్యా. దీనికన్నా పెద్ద జబ్బున్న చేప తెప్పించి పెడతా."